ఏడో కుర్చీ

"వచ్చేసింది! మన వంతెన వచ్చేసింది!"

పోస్టుమాన్ దగ్గర సంతకం పెట్టడానికి బయటికెళ్లిన బోర్డు గుమాస్తా, కవరు ఊపుకుంటూ మీటింగు గదిలోకి పరుగెత్తుకొచ్చాడు. గడప తన్నుకుని, తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

అప్పటికి గంట నుంచీ పట్టణ బోర్డు, మార్కెట్టు గేటుకి ఆకుపచ్చ రంగు వెయ్యాలా నీలం వెయ్యాలా అని తలలు పగలగొట్టుకుంటోంది.

"పెళ్లయిన దగ్గర్నుంచీ నీ కాళ్లు నేల మీద ఆనడం లేదబ్బాయ్," అంది సభ్యురాలు టైలరమ్మ.

నిజమే. పెళ్లయి ఇరవై రోజులు. అతని భార్య కాలువ అవతలి బడిలో టీచరు. బడి కిటికీలోంచి చూస్తే వాళ్ల డాబా మీద ఆరేసిన తువ్వాలు కూడా కనిపిస్తుంది. ఇంటికి రావాలంటే మాత్రం చుట్టూ తిరిగి గంట నడక. కాలువ మీద నడక వంతెన పడితే ఐదంటే ఐదు నిమిషాలు. రోజూ మధ్యాహ్నం ఇద్దరూ కలిసి భోంచెయ్యొచ్చు!

కవరు మీద పై ఆఫీసువాళ్లు రాసిన 'వంతెన మంజూరు' అన్న మాటలు, వాటి కింద 'సభ్యులకు మాత్రమే' అని ఎర్రటి ముద్ర ఉన్నాయి.

ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకున్నారు. "సభ్యులు కానివాళ్లు దయచేసి బయటికి వెళ్లాలి."

అందరూ గోడ వారన ఉన్న కుర్చీ వైపు చూశారు. ఆ కుర్చీలో కూర్చున్న బిస్కెట్ తాతయ్య కూడా వెనక్కి తిరిగి చూశాడు, ఎవరా అని.

"మీరే తాతగారూ!" అన్నాడు బేకరీ బాబాయి. ఆయనా సభ్యుడే.

"నేనా?"

"మీ బిస్కెట్లు బయటికే పంపిస్తాంలెండి."

తాతయ్య గొడుగు తీసుకుని, చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు.

పాపం, మనిషి మంచివాడే. మూడేళ్ల కిందట తడిసిన గొడుగుతో వచ్చి గుమ్మంలో నిలబడితే, ప్రజల కోసం వేసిన ఆ కుర్చీ చూపించింది గుమాస్తానే. ఆనాటి నుంచీ ఒక్క మీటింగు తప్పలేదు. టీతోపాటు రెండు బిస్కెట్లు తినేవాడు. ఓటింగుకి బల్ల దగ్గర చేతులు లేస్తే, గోడ వారనా ఒక చెయ్యి లేచేది.

"తాతయ్య కూడా ఒప్పేసుకున్నాడు, ఇంక తిరుగులేదు!" అని అందరూ పడీపడీ నవ్వేవాళ్లు.

ప్రెసిడెంటు గారు ఉత్తరం చదివారు.

"మీ బోర్డు ఏడో సభ్యులు మూడేళ్లుగా రాసిన ఇరవై రెండు అర్జీలను పరిశీలించి వంతెన మంజూరు చేశాం. ఏడుగురు సభ్యులూ సంతకాలు చేసిన తీర్మానం రేపు సాయంత్రంలోగా అందకపోతే మంజూరు రద్దు."

అందరూ బల్ల దగ్గరి ఏడో కుర్చీ వైపు చూశారు.

అందులో బేకరీ బాబాయి హెల్మెట్, టైలరమ్మ సంచీ, గుమాస్తా టిఫిన్ డబ్బా హాయిగా కొలువుతీరి ఉన్నాయి.

ఏడో సభ్యుడంటే పై ఆఫీసువాళ్లు నియమించిన మనిషి. ఎవరూ ముఖం చూసి ఎరగరు. నెలనెలా గుమాస్తా ఆయనకో నోటీసు పంపడం, ఖాళీ కుర్చీ చూసి పుస్తకంలో 'గైర్హాజరు' అని రాయడం, అంతే.

"పోయినేడే ఆయన్ని తీసేద్దామనుకున్నాం కదా?"

"తియ్యాలన్నా ఏడుగురూ ఉండాలన్నారుగా!"

ప్రెసిడెంటు గారు నిట్టూర్చారు. "ఒక్కనాడూ రాని మనిషి ఊరికి వంతెన తెచ్చాడు. నెలనెలా వచ్చి మనమేం చేశామయ్యా?"

"గేటుకి రంగు," అన్నాడు బేకరీ బాబాయి.

"అదీ తేల్లేదు," అంది టైలరమ్మ.

గుమాస్తా వరండాలోకి వెళ్లి భార్యకి ఫోన్ చేశాడు.

"వంతెన వచ్చిందోయ్!"

"నిజంగానా?"

"దాదాపు."

"దాదాపు వచ్చిన వంతెన మీద నడిస్తే కాలువలో పడతానండీ!"

"రేపు ఆ ఏడో ఆయన వస్తే చాలు. ఇన్నాళ్లూ రానివాడు రేపొస్తాడంటావా?"

"మీరే వెళ్లి కాళ్ల మీద పడండి. నా తరఫున ఇంకోసారి పడండి."

సాయంత్రం గుమాస్తా మర్నాటి మీటింగు నోటీసు పట్టుకుని, రిజిస్టర్లో ఉన్న చిరునామాకి బయల్దేరాడు. గడియారం వీధి, రంగుల దుకాణం పైన మేడ. దారంతా పలకరింపు వల్లెవేసుకున్నాడు. 'అయ్యా, మహానుభావా...' కాదు, మరీ ఎక్కువైంది. 'సార్...' మరీ తక్కువ.

తలుపు తీసింది బిస్కెట్ తాతయ్య.

"రా బాబూ, రా! ఏమిటిలా వచ్చావ్?"

"తాతగారూ, మీరిక్కడ ఉంటారా? అయితే నా పంట పండింది! ఇక్కడ ఏడో సభ్యుడు గారని ఉండాలి, పిలుస్తారా? మీటింగులో మీకు అవమానం జరిగింది, మనసులో పెట్టుకోకండి. రేపు పదింటికి ఆయన్ని మీరే వెంటబెట్టుకుని తీసుకురావాలి. రేపు సాయంత్రం దాటితే వంతెన పోతుంది. మా ఆవిడ గంట నడవాలి తాతగారూ!"

తాతయ్య చెయ్యి చాపి నోటీసు అందుకున్నాడు. కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. తలుపు పక్కన మేకుకి వేలాడుతున్న ఇనపతీగకి జాగ్రత్తగా గుచ్చాడు. ఆ తీగ నిండా అలాంటి నోటీసులే. మూడేళ్లవి, అన్నీ గుమాస్తా చేతిరాతే.

గుమాస్తా తాతయ్య కాళ్ల మీద పడ్డాడు. భార్య తరఫున ఇంకోసారి పడ్డాడు.

"రేపు పదికి ఐదు నిమిషాల ముందే వస్తాను బాబూ," అన్నాడు తాతయ్య, "కానీ సభ్యులు కానివాళ్లెవరో ఈసారి సరిగ్గా చూసుకుని పంపమని మీ ప్రెసిడెంటు గారికి చెప్పు, ఇవాళ పొరపాటున నన్ను పంపించేశారు."