పచ్చదీపాల పుట్ట

వాన ముంచుకొస్తోంది. చెదపురుగులు హడావుడిగా కొత్త పుట్ట కడుతున్నాయి. పనంతా చూసుకునేది రాణి పక్కనున్న తెలివిపెట్టె. గోడ పూర్తయిందని చెదలు చెబితే పెట్టెలో పచ్చదీపం వెలుగుతుంది, లేదంటే ఎర్రదీపం. ఎర్రదీపం కనిపిస్తే రాణి ఆ గోడవాళ్ళకి తిండి ఆపేసేది.

దీపాలన్నీ పచ్చగా వెలగగానే రాణి పిల్లల్ని కొత్త పుట్టలోని కింది గదుల్లోకి దింపించింది.

అప్పుడే ఒక ముసలి చెద పరుగున వచ్చింది. "అమ్మా, పిల్లల్ని పైకి తెప్పించండి. మా గోడ సగమే అయింది, వాన నీళ్ళు లోపలికొస్తాయి. తిండి పోతుందని అబద్ధం చెప్పాం."

రాణి పెట్టెకేసి ఉరిమి చూసింది. "నీకైనా తెలీలేదా?"

"వాళ్ళు చెప్పిందే నాకు తెలుస్తుందమ్మా," అంది పెట్టె.

రాణి గొంతు తగ్గింది. అన్ని గోడలవాళ్ళకీ కబురు పంపింది: "ఎవరికీ తిండి ఆపను. నిజం చెప్పండి."

ఒక్కొక్కటిగా దీపాలన్నీ ఎర్రబడ్డాయి. పుట్ట మీద తొలి చినుకు పడింది.