ఎడమచేతి ముడి

2022 జూలై 12, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. బయట నలభై ఆరు డిగ్రీల ఎండ, దానికి తోడు దుమ్ముగాలి. అరబ్బు దేశపు అల్ ఖూజ్‌లో చిత్రాలు భద్రపరిచే గోదాములో మేనేజర్ ప్రమోద్ కేక పెట్టాడు.

"దీన్ని కుట్టిందెవరు?"

చెక్కపెట్టెలోంచి తీసి గోడకు ఆనించిన చిత్రం అది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత చిరిగిన గోనెసంచుల మీద నల్లరంగు పోసి పేరు తెచ్చుకున్న ఇటలీ చిత్రకారుడు ఎన్నియో బెర్తోలానిది. డెబ్బయ్యేళ్లుగా అది ఆయన కుటుంబం ఇల్లు దాటి బయటికి రాలేదు. సంచి నడుమ జానెడు చిరుగు. ఆ చిరుగుకు సుతిలి దారంతో కుట్టు.

పనివాడు పర్శరాములు గబగబా ముందుకొచ్చాడు. నిన్న పెట్టె విప్పింది తానే. పెట్టెలకు గోనెపట్టాలు కుట్టేదీ తానే.

"నేను ముట్టలే సార్. మా అవ్వ తోడు."

"చిరుగు కనబడితే నీ చెయ్యి ఊరుకుంటుందా? మొన్న నా బ్యాగు అడక్కుండానే కుట్టేశావు!" ప్రమోద్ చేతిలోని పుస్తకం తెరిచాడు. "ఆయన జీవితమంతా ఇందులో ఉంది. నాలుగేళ్లు యుద్ధఖైదీ, ఎక్కడ ఉంచారో తెలియదు. తర్వాత ముప్పై ఏళ్లు రోములో బొమ్మలు. ఒక్కదానిలోనూ సూది వాడలేదు!"

తోటి పనివాడు మీరావలి అడ్డుపడ్డాడు. "ఓ సంచి ఇచ్చి కుట్టించండి సార్. మావోడు కాదని తేలిపోద్ది."

పర్శరాములుకు ప్రాణం లేచివచ్చింది. దబ్బనం అందుకున్నాడు. రెండు కుట్లు ముందుకు, ఒకటి వెనక్కి, చివర ఎడమచేత్తో ముడి. ఆ సంచిని చిత్రం పక్కన పట్టుకున్నారు.

అవే కుట్లు. అదే ముడి.

"ఇది మా తాత ముడి సార్." పర్శరాములు తన సంచి మీది ముడి చూపించాడు. "నిజామాబాద్ గంజ్‌ల గింజల బస్తాలు కుట్టి మోసే హమాలీ ఆయన. ఆయన పేరే నాకు పెట్టిన్రు. ఆయన, నేను తప్ప ఇట్ల ఎవ్వలెయ్యరు. ఇది ఈడికెట్లొచ్చిందో నాకెరుకలే!"

"నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు. పైన ముదీర్‌కు, కంపెనీ పెద్దకు, నేనింకేం చెప్పను? ఖలాస్."

ఆ వారంలోనే పర్శరాములు వీసా రద్దయింది.

మూడేళ్ల తర్వాత, మరమ్మతు కోసం ఆ చిత్రం వెనకగుడ్డ విప్పారు. లోపల చిత్రకారుడి చేతిరాత, 1952 నాటి తేదీ: "దక్కను ఖైదీల శిబిరంలో నాకు ఈ కుట్టు నేర్పిన హమాలీ పర్శరాములుకు."