మెత్తని పొర

ఆమె మెదడు మీద ఉల్లిపొరలాంటి మెత్తని ప్లాస్టిక్ పొర పరిచి ఆరు నెలలైంది. మూర్ఛ రాబోతోందని అది పసిగట్టి, చిన్న కరెంటుతో దాన్ని ఆపేస్తుంది. అవసరమైతే భర్త ఫోన్లోంచి నొక్కినా కరెంటు ఇస్తుంది.

"మూర్ఛతోపాటు కోపమూ పోయిందండీ. మనిషి బంగారమైపోయింది," అని భర్త మురిసిపోయాడు.

పొర పంపిన గీతలు తెరమీద చూసి డాక్టరమ్మ ముఖం చిట్లించింది. "మూర్ఛ లక్షణమే లేనప్పుడు నలభైసార్లు కరెంటు ఇచ్చారు. అదీ మీ ఫోన్లోంచే. ఎందుకండీ?"

"తను నోరు లేపినప్పుడల్లా కాస్త నొక్కేవాణ్ణి. ఇంట్లో గొడవలెందుకని," అన్నాడతను నవ్వుతూ, ఫోన్ జేబులో వేసుకుంటూ.

ఇన్నాళ్ళూ తనకు ఓర్పు అబ్బిందనుకుంది ఆమె. అతను ఏమన్నా నవ్వి ఊరుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. గట్టిగా అరవబోయింది. గొంతు మెత్తగానే వచ్చింది.

"డాక్టరమ్మా, ముందు ఈయన్ని జేబులోంచి చెయ్యి తీయమనండి."