సర్వర్‌ను నమ్మొద్దు

ఫిర్యాదుల పెట్టెలోంచి తీసిన చీటీ చదవగానే వార్డెన్ ఈశ్వరమ్మకు ఒళ్లు మండిపోయింది.

"సర్వర్‌ను నమ్మొద్దు. ఎవరడిగినా లోపలి సంగతి చెప్పుడే. ఆడపిల్లల నంబర్లు పోతయ్. జల్ది మార్చుండ్రి."

కింద సంతకం లేదు.

తాండూరులోని ఆ ఆడపిల్లల హాస్టల్‌కు కొత్త వాచ్‌మన్ వచ్చి మూడు నెలలైంది. పేరు సర్వర్. పొద్దస్తమానం ఫోనులో తలదూర్చి ఇంగ్లీషులో ఏవో పాఠాలు వింటుంటాడు. మొదటినుంచీ ఆమెకు అనుమానమే.

వెంటనే పిలిపించింది.

"పిల్లల నంబర్లు ఎవరికిస్తున్నవ్ రా?"

"నేను గాదమ్మా! సర్వర్..."

"నువ్వు సర్వర్‌వు గాదా?"

"అవునమ్మా, గని జర చెప్పనియ్యుండ్రి. సర్వర్ అంటే..."

"నోర్ముయ్! ఇంకో మాట మాట్లాడితే పోలీసులను పిలుస్త!"

అతను టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"పోతనమ్మా. గని సర్వర్‌ను మాత్రం జల్ది మార్చుండ్రి."

"మారుస్తున్న గదా! నడువ్!"

ఎంత పొగరు! ఊళ్లోని మిగతా హాస్టళ్లకు కూడా ఫోను చేసి, వాణ్ణి గడప తొక్కనివ్వద్దని చెప్పింది ఈశ్వరమ్మ.

నాలుగో రోజు కృపారాణి అనే ఇంటర్ పిల్ల ఏడుస్తూ వచ్చి ఫోను చూపించింది. అన్నీ బూతు మెసేజీలు. సాయంత్రానికి నలభైమంది పిల్లలకు అవే.

"ఇది వాడి పనే!" అంటూ ఈశ్వరమ్మ పోలీసు ఫిర్యాదు రాయడానికి కూర్చుంది.

హాస్టల్ వెబ్‌సైట్ తయారుచేసిన నవీన్‌కుమార్ వికారాబాద్ నుంచి పరుగున వచ్చాడు. చీటీ చదివి తల పట్టుకున్నాడు.

"గీ సర్వర్ మనిషి గాదు మేడం! మన వెబ్‌సైట్‌ను నడిపే, పిల్లల నంబర్లన్నీ దాసిపెట్టే కంప్యూటర్. మస్తు పాతది. ఎవరడిగినా తన పేరు, ఎన్నేళ్లదో చెప్పేస్తది. ఏ తాళంచెవి పెడితే తెరుచుకుంటదో తెల్సుకోనీకి దొంగలకు గంతే చాలు."

ఈశ్వరమ్మ చేతిలోని కలం ఆగిపోయింది.

"బయటి నుంచే గిది పసిగట్టిండంటే మామూలోడు గాదు. తయారుచేసిన నాకే తెల్వలే. ఎవరు మేడం?"

పనివాళ్లు తన గదికి రావద్దని, ఏదున్నా రాసి పెట్టెలో వెయ్యాలని నియమం పెట్టింది తనేనని ఈశ్వరమ్మకు గుర్తొచ్చింది.

చీటీ పట్టుకుని గేటు దగ్గరికి నడిచింది. వాచ్‌మన్ రాసే రాకపోకల పుస్తకం తెరిచింది.

మూడు నెలల పేజీలన్నిటా ఆ చీటీలోని చేతిరాతే.