పూసలను కలిపిన మట్టి

"బాపూ, ఎండిందా?"

"ఆగు బిడ్డా. ఇంక మెరుస్తున్నది."

పోశయ్య సీసా అడుగుకు వంగి చూస్తున్నడు. తడి మెరుపు పోంగనే వేడి మీంచి దించిండు. గ్రేస్ మళ్ల పది చుక్కల నీళ్లు పోసింది. తడుపుడు, ఎండబెట్టుడు. వారం రోజుల సంది ఇదే పని. వేడిని సమంగ పట్టి ఉంచే మిషిన్ కొనే తాహతు నిజామాబాద్‌ల ఆ కాలేజీకి లేదు. బోధన్ కాడ ముప్పై ఏండ్లు బెల్లం కడాయి కాచిన మనిషిని మాత్రం అటెండరుగా పెట్టుకుంది. ఆయన బిడ్డ అక్కడనే ఎమ్మెస్సీ.

బెల్లం కాడ మిషిన్ ఎక్కడిది? బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పాకం పట్టి తీగ సాగదీస్తే చాలు, దించాల్నా ఆగాల్నా తెలుస్తది. ఓసారి కాగే పాకం అంటి బొటనవేలి మెత్త మీద అడ్డంగ కాలిన గీత మిగిలింది. "గదే నా సర్టిఫికెట్" అంటడు పోశయ్య.

"ఇగ చెప్పు, గీ బురదల ఏముంది?" అని అడిగిండు.

"రెండు సీసాలల్ల ఒకటే సరుకు బాపు, గ్లైసిన్. పూస అనుకో. మన ఒంట్ల కండ, నెత్తురు, అన్నీ గసొంటి పూసల దండలే. వట్టి నీళ్లల్ల కాగబెడితే పూసలు దేనికది తిరుగుతయి. రెండో సీసాల వాగు బంకమట్టి ఏసిన. మట్టిల ఖనిజం పూసలను పట్టి పక్కపక్కన కూసోబెడ్తది. వేడికి తడి పోతుంటే ఒకటికొకటి అతుక్కుంటయి. భూమ్మీద ఎవ్వలు లేనప్పుడు, వేడినీళ్ల గుంటలల్ల గిట్లనే మొదలైందేమో అంటరు."

పోశయ్య చెయ్యి ఆగింది. "చెట్టు సుత లేనప్పుడా?"

"గడ్డిపోస సుత."

ఆయన సీసాను వెలుగుకు పట్టి ఆ బురదను చూసిండు. "పాస్టరయ్య చెప్పేది గూడ మన్నే గదా. దేవుడు దాన్ని ఎంత వేడిల కాచిండో మాత్రం చెప్పడు."

"మజాక్ ఆపు బాపు. రెండుసార్లు పోయింది. ఇయ్యాల దండ కనబడకుంటే ఈ పని బంద్ అన్నది ఉమారాణి మేడం."

గ్రేస్ గ్లౌజులు తొడుక్కొని, రెండు సీసాల సరుకు చెరొక చుక్క కాగితం మీద పెట్టి, అంచును ద్రావణంల నిలబెట్టింది. ద్రావణం పైకి పాకుతుంటే పూస ఒక్కచోట ఆగుతది, దండ ఇంకొక్కచోట.

"గ్లౌజులెందుకే, మనం ముడితే మైలనా?"

"తర్వాత చల్లే మందు అంటితే వారం దాక ఊదరంగు పోదు."

సాయంత్రానికి కాగితాన్ని దారానికి ఆరేసి, "మేడంను తోలుకొస్త, ఆరిందో లేదో చూస్తుండు" అని ఉరికింది.

పోశయ్య పాకం చూసినట్టే చూసిండు. ఆరింది.

ఉమారాణి మేడం వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డది. గ్రేస్ మందు చల్లి కాగితాన్ని వేడికి పట్టింది.

"ప్రాణం తాలూకు తునక ఎక్కడున్నా, చెమట చుక్కల ఉన్నా, ఇది పట్టిస్తది బాపు" అన్నది.

ముందు కింద రెండు ఊద చుక్కలు తేలినయి. వరుసకొకటి. పూసలు. అవి ఎప్పుడూ వచ్చేవే. తర్వాత ఏం లేదు. గ్రేస్ పెదవి కొరుక్కుంది.

అప్పుడు మట్టి వరుసల, పైన, పొగ కమ్మినట్టు ఇంకో మచ్చ.

మేడం కట్టుకున్న చేతులు విడిచింది. "మట్టి వరుసలనే" అన్నది, గొంతు తగ్గించి. "నీళ్ల వరుసల లేదు. గ్రేస్, నాలుగు వందల కోట్ల ఏండ్ల కిందటిది మన బల్ల మీదికి వచ్చిందే."

గ్రేస్ కండ్లల్ల నీళ్లు.

"అంతా మీరు వేడి పట్టిన తీరే పోశయ్యగారూ" అన్నది మేడం.

ముప్పై ఏండ్లు కడాయి కాస్తే 'గారు' అన్నోడు ఒక్కడు లేడు. పోశయ్య అద్దాలు పెట్టుకొని, గుడిల అడుగేసినట్టు మెల్లగ దగ్గరికొచ్చిండు. లోకం మొదలైన ఆనవాలు ఆయన ముంగటనే ముదురుతున్నది, అంచులు తేరుతున్నయి.

మచ్చ నడిమిట్ల, అడ్డంగ, తన బొటనవేలి కాలిన గీత ఉంది.