దొంగ నీళ్లు

డయాలిసిస్‌కు ముందు బరువు చూస్తారు. ఒంట్లో ఎంత నీరు చేరిందో దాన్నిబట్టి తెలుస్తుంది. మా ఆయన ఎక్కినప్పుడల్లా ఆ కాటా నా పరువు తీసేది.

ఆయనకు నీళ్లు కొలిచి ఇవ్వాలి. నేనెంత కాపలా కాసినా స్నానాల గదిలో కుళాయి కింద నోరు పెట్టేసేవారు. ఇదేమిటని నిలదీస్తే, "మొహం కడుక్కున్నానే" అనేవారు, మీసాల నుంచి నీళ్లు కారుతుంటే.

ఈరోజు కాటా చూసి నర్సు నమ్మలేక మళ్లీ ఎక్కించింది. "అసలు నీరే చేరలేదు. శభాష్ బాబాయ్" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. మంచం మీద ఆయనకు దుప్పటి కప్పుతూ, "ఇన్నాళ్లకు నా మాట విన్నారు" అన్నాను.

"నీ మాట వినీ కాదు, గీట వినీ కాదు" అన్నారు గోడవైపు చూస్తూ. "దాహమే వేయట్లేదు. ముద్ద కూడా దిగట్లేదు. ఇక చాలే. వచ్చేసారి నుంచి రావద్దులే మనం."

రాకపోతే ఏమవుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. నర్సు చేతిలో పని వదిలేసి డాక్టరు కోసం పరుగు తీసింది.

దొంగతనంగా తాగినన్నాళ్లూ ఆయనకు బతకాలని ఉండేది. అది నాకు అప్పుడు తెలిసింది.

నా సీసాలోని నీళ్లు గ్లాసులో నిండా పోశాను. ఆయన చెవి దగ్గర వంగి, "తాగండి. నేను చూడలేదనుకోండి" అన్నాను.

గ్లాసు పెదవులకు ఆనించాను. తల పక్కకు తిప్పుకున్నారు.

మీసం కొసైనా తడవలేదు.