పదకొండు రోజుల పడవ

"పడవ ఏదమ్మా?"

వెనక నుంచి తెలుగు వినిపించేసరికి కళావతి ఉలిక్కిపడి తిరిగింది. ఫోన్ బూత్ ముందు, పడవల కోసం లాకు తలుపులు తీసే మనిషి నిలబడి ఉన్నాడు. తెల్లగడ్డం, నారింజరంగు జాకెట్, జేబు మీద బహదూర్ అని పేరు. లాకు దాటి నది ఒడ్డుదాకా వచ్చేశాడు.

"వస్తోంది అంకుల్..."

"పదకొండు దినాల సంది వస్తనే ఉన్నది. పేరు సీగల్, తెల్ల పడవ, ఇద్దరు మనుషులు. పడవొస్తున్నదని నువ్వు ఫోన్ చేస్తవ్. నేను నీళ్ళు వదిలి గేటు తెరుస్త. ఏదీ?"

నది ఖాళీగా ఉంది. ఆటు మొదలై ఒడ్డున బురద బయటపడుతోంది. లాకుకి అవతల మెరీనాలో పడవలన్నీ టార్పాలిన్లు కప్పుకుని కదలకుండా ఉన్నాయి. వందేళ్ళ నాటి లాకు తలుపులు మాత్రం రాని పడవ కోసం బార్లా తెరుచుకుని ఉన్నాయి.

"నేను తెలుగుదాన్నని ఎలా తెలిసింది?"

"ఇంగ్లీషు మంచిగనే మాట్లాడినవ్. ఇయ్యాల ఫోన్ పెట్టేటప్పుడు 'ఉంటానండీ' అన్నవ్. ఆస్ట్రేలియాల గట్ల ఎవరంటరు బేటీ?"

కళావతికి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది.

"కంప్లయింట్ ఇవ్వకండి అంకుల్. నేనుండేది మా ఆయన వీసా మీద. టూవూంబా ఊళ్ళో కంప్యూటర్ల వై టూ కే పని ఆయనది. శని, ఆదివారాలే ఇంటికొస్తారు. నావల్ల ఆయన ఉద్యోగానికేమైనా అయితే..."

"మరి ఎందుకు చేసినవ్? ఆటలా?"

"మా నాన్న కాలవ లాకుల మీద తలుపులు తీసి మూసే లస్కరండీ. తలుపుల సందుల్లోంచి నీళ్ళు దిగే చప్పుడు వింటుంటే ఇంట్లో మనుషులున్నట్టుంటుంది. పడవ వస్తేనే కదా మీరు తలుపులు తీసేది!" కళ్ళు తుడుచుకుంది. "పైగా ఫోనెత్తి మీరు 'గుడ్ మార్నింగ్ సీగల్' అంటారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా నన్ను పలకరించేది మీరొక్కరే."

బహదూర్ చంకలోని రిజిస్టర్ తీశాడు. కళావతి తొంగిచూసింది. పేజీలో వరుసగా తేదీలు. ప్రతి తేదీ పక్కనా సీగల్, ఇద్దరు మనుషులు.

"ఇది ఆఫీసుకి పంపుతారా?"

"నెలాఖరుకి పంపాలె."

"నా పేరు రాస్తారా?"

అతను పెన్ను మూత తీశాడు. ఇవాళ్టి తేదీ వేసి, పక్కన మళ్ళీ సీగల్ అనే రాశాడు. రిజిస్టర్ మూసి, ఖాళీ నది వైపు ఒకసారి చూశాడు.

"రేపటి సంది ఇంకో రెండు పేర్లతోని కూడ ఫోన్ చెయ్ బేటీ. నెలకి ముప్పై పడవలన్న రాకుంటే కొత్త సంవత్సరం నుంచి లాకు బంద్ చేస్తరట, ఈ నెలల నీ సీగల్ తప్ప ఒక్కటి రాలే."